పైచెయ్యి, కిందిచెయ్యి, మధ్యలో ఫోను

(పాఠకుల సమావేశంలో ఒక నవలా రచయిత్రి చేసిన ప్రసంగం, రాతరూపంలో)

అందరికీ నమస్కారం. వెనక వరస వాళ్లకి వినపడుతోందా? ఫ్యాను చప్పుడులో నా గొంతు కొట్టుకుపోతోందేమో. సరే, కొంచెం గట్టిగా మాట్లాడతాను.

నన్ను పిలిచినవాళ్లు "మీ కొత్త నవల గురించి చెప్పండి" అన్నారు. నవల ఇంకా అచ్చు కాలేదండీ. పేరు కూడా పెట్టలేదు. రాతప్రతి మా ఇంట్లో ఫ్రిజ్ మీద పడుంది. మీరెవరూ చదవని పుస్తకాన్ని నేను పొగుడుకుంటే బాగుండదు. అందుకని రాస్తూ రాస్తూ ఎక్కడెక్కడ బోల్తా పడ్డానో చెబుతాను. మీకు కాలక్షేపం, నాకు కాస్త బరువు దిగుతుంది.

కథ రెండు ముక్కల్లో ఇదీ. విజయవాడలో ఒకమ్మాయి, ఇరవై ఆరేళ్లు. బీసెంట్ రోడ్డు షాపుల్లో చీరలు కట్టుకుని ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేస్తుంది. ఒకసారి తెలిసినవాళ్ల ఆస్పత్రి ఖర్చుకి సాయం చెయ్యండని ఒక రీల్ పెడుతుంది. ఏ చీరకీ రానన్ని వ్యూస్ దానికి వస్తాయి. అక్కణ్ణించి మెల్లగా ఆమె పేజీ చందాల పేజీ అయిపోతుంది. తెనాలిలో ఒకబ్బాయి. సెల్‌ఫోన్ రిపేరు షాపు. వాళ్లమ్మకి బ్లడ్ క్యాన్సర్. ఎముక మజ్జ మార్పిడి చెయ్యాలి, ఆస్పత్రి ఎస్టిమేట్ 22 లక్షలు. అతను ఈ అమ్మాయికి మెసేజ్ పెడతాడు. ఆమె వస్తుంది, వీడియో తీస్తుంది. డబ్బు పోగవుతుంది. ప్రేమ కూడా పుడుతుంది. అంతే కథ. పేర్లు చెప్పను, పుస్తకం కొనాలిగా. (నవ్వులు)

ప్రేమకథకి అడ్డంకి కావాలి కదండీ. మన దగ్గర అడ్డంకులకి కరువు లేదు. కులం, ఆస్తి, మేనరికం, అమెరికా. నేను కావాలనే అవన్నీ తీసేశాను. ఇద్దరిదీ ఒకే కులం, ఇంచుమించు ఒకే స్థోమత, ఇళ్లల్లో ఎవరికీ అభ్యంతరం లేదు. ఇక బండి జోరుగా సాగుతుందనుకున్నాను. పదో అధ్యాయం దగ్గర ఆగిపోయింది. నాలుగు నెలలు ఒక్క పేజీ కదల్లేదు.

ఎందుకు ఆగిందో మా అమ్మాయి చెప్పింది, రాతప్రతి చదివి. "అమ్మా, వీడు ఆ అమ్మాయితో ఒక్కసారైనా పోట్లాడడేం?" అంది.

నిజమే. పోట్లాట పెడదామని నేను మూడుసార్లు ప్రయత్నించాను. ఆమె ఆలస్యంగా వచ్చింది, అతనేం అనలేదు. ఆమె అతని షాపు గురించి కాస్త చులకనగా మాట్లాడింది, నవ్వేసి ఊరుకున్నాడు. ఎలా అంటాడు? వాళ్లమ్మ మంచం మీద లేచి కూర్చుందంటే ఈ అమ్మాయి పుణ్యమే. మాట గొంతు దాకా వచ్చి దిగిపోతుంది. పెళ్లై ముప్పై ఏళ్లయినదాన్ని, చెబుతున్నాను వినండి. పోట్లాడటానికి ధైర్యం లేని చోట ప్రేమ ఉందని నేను నమ్మను. అక్కడున్నది మర్యాద. మహా అయితే భక్తి.

మీకు వామనుడి కథ తెలుసు. మూడడుగుల నేల అడుగుతాడు. గురువు శుక్రాచార్యుడు వద్దంటాడు. వచ్చినవాడు విష్ణువు, ఇచ్చావా చెడ్డావంటాడు. అప్పుడు బలి చక్రవర్తి అన్న మాట పోతన పద్యంగా మనలో చాలామందికి నోటికొచ్చు. సాక్షాత్తూ లక్ష్మీదేవి కొప్పు మీద, ఒంటి మీద తిరుగాడిన చెయ్యి కిందుండి, నా చెయ్యి పైనుండటం కన్నా ఏం కావాలి అంటాడు. బడిలో మాస్టారు దీన్ని దానగుణం కింద చెప్పారు. మేమూ అలాగే రాసి మార్కులు తెచ్చుకున్నాం. నవల ఆగిపోయిన రోజుల్లో మళ్లీ ఆ పద్యం దగ్గరికెళితే నాకు రెండు చేతుల ఎత్తులే కనిపించాయి. ఇచ్చేవాడి చెయ్యి పైన. పుచ్చుకునేవాడు దేవుడైనా సరే, చెయ్యి కిందే. మన భాషలో 'పైచెయ్యి' అన్న మాటకి అర్థం ఏమిటో నేను చెప్పక్కర్లేదు.

ఆ తర్వాత వామనుడేం చేశాడు? కాలెత్తాడు. (నవ్వులు) నవ్వకండి, నా నవలకి తాళం చెవి అక్కడ దొరికింది. కింద చెయ్యి పట్టినవాడు ఆ సంగతి మర్చిపోడు. ఎప్పుడో ఒకప్పుడు లెక్క సరిచూసుకుంటాడు.

నేను పదో తరగతిలో ఉన్నప్పుడు వీక్లీ సీరియళ్ల కోసం ఇంట్లో కొట్టుకునేవాళ్లం. ముందు అక్క చదవాలి, తర్వాత నేను. హీరో ఆరడుగులు, పడవంత కారు. హీరోయిన్ నాన్న అప్పు తీర్చేస్తాడు, తమ్ముడికి ఉద్యోగం ఇప్పిస్తాడు. ఆమె కళ్లు దించుకుంటుంది. మేం గుండె పట్టుకుని 'ఆహా' అనేవాళ్లం. కళ్లు ప్రేమతో దించుకుందా, అప్పు బరువుతో దించుకుందా అని ఒక్కరం అడగలేదు. అద్దె లైబ్రరీల్లో దొరికే ఇంగ్లిషు ప్రేమ నవలల్లోనూ ఇదే తంతు. అక్కడ అప్పు బదులు ఎస్టేటు ఉండేది. ఆడవాళ్లం కూర్చుని ఆడవాళ్ల కోసం రాసిన కథల్లో పైచెయ్యి ఎప్పుడూ మగవాడిదే. నేనిప్పుడు దాన్ని అమ్మాయికిచ్చాను. ఇస్తే ఏదో గొప్ప మార్పు వస్తుందనుకున్నా. ఇబ్బంది చెయ్యి మారింది గానీ పోలేదు.

పైగా కొత్త చిక్కొకటి వచ్చి పడింది. పాత హీరో తన సొంత డబ్బు ఇచ్చేవాడు. ఈ అమ్మాయి ఇస్తున్నది ఊరి డబ్బు. వేలమంది మనుషులు. మధ్యలో ఫోను. ఇక ఇది ఇద్దరి ప్రేమకథగా మిగలదు. కిటికీలోంచి చూసేవాళ్లున్నారు, వాళ్లు టిక్కెట్టు కొనుక్కుని మరీ చూస్తున్నారు.

జనం దేనికి డబ్బిస్తారు? దీని మీద చాలా పరిశోధన ఉంది. నాకు బాగా పట్టింది ఒకటి. 2007లో స్మాల్, లోవెన్‌స్టీన్, స్లోవిక్ అనే ముగ్గురు పరిశోధకులు ప్రచురించారు. ఏదో చిన్న సర్వే చేయించుకుని మనుషుల చేతిలో 5 డాలర్లు పెట్టారు. ఇందులోంచి పిల్లల సాయానికి ఎంతిస్తారు అని అడిగారు. కొందరికి ఆఫ్రికాలో ఆకలి అంకెలు చూపించారు, ఇన్ని లక్షలమంది అని. కొందరికి మాలీ దేశంలోని రోకియా అనే ఏడేళ్ల పాప ఫోటో, నాలుగు మాటలు. అంకెలు చూసినవాళ్లు సగటున 1 డాలరు 14 సెంట్లిచ్చారు. పాపని చూసినవాళ్లు 2 డాలర్ల 38 సెంట్లు. ఇంతవరకూ మనం ఊహించగలం. మూడో గుంపుకి పాప ఫోటో, అంకెలు రెండూ కలిపి చూపించారు. వాళ్లు 1 డాలరు 43 సెంట్ల దగ్గర ఆగిపోయారు. పాప పక్కన లెక్క పెట్టగానే మనసు లెక్కల్లోకి వెళ్లిపోయింది.

నా నవల్లో అమ్మాయికి ఈ ప్రయోగం తెలియదు. కానీ ఆమె వేళ్లకి తెలుసు. నాలుగేళ్లుగా రీల్స్ చేస్తోంది, ఏ సెకనులో జనం వేలు పైకి జరుపుతారో ఆమెకి తెలుసు.

ఆ అధ్యాయం మీకు చెప్పాలి. హాస్పిటల్ గది. తల్లి మంచం మీద ఉంది. కీమోకి జుట్టు ఊడిపోయింది, తలకి గుడ్డ కట్టుకుంది. అమ్మాయి ఫోను పట్టుకుని వెలుతురు చూసుకుంటోంది. "ఆంటీ, ఒక్క నిమిషం ఆ గుడ్డ తీస్తారా?" అంటుంది. కొడుకు కిటికీ వైపు తిరుగుతాడు. తల్లి గుడ్డ తీస్తుంది. తీసి, దిండు కింద చెయ్యి పెట్టి వెతుక్కుంటూ, "ఉండమ్మా, కాస్త పౌడరు రాసుకోనా?" అంటుంది.

మనం అంతేగా? ఫోటో అంటే ముందు మొహం కడుక్కుంటాం. ఇల్లంతా మునిగిపోయినా, ఫోటో తీస్తున్నారంటే పవిట సర్దుకుంటాం. ఆమె యాభై ఏళ్ల అలవాటు అది. అమ్మాయి ఏమంటుంది? "వద్దాంటీ, ఇలాగే బాగుంది."

ఈ 'బాగుంది' అన్న మాట రాశాక నేను కలం పక్కన పెట్టి వెళ్లి పప్పు పోపు పెట్టుకున్నాను. ఆ అమ్మాయి చెడ్డది కాదు. ప్రచురణకర్త దగ్గర చదివినాయన "ఈమెని కాస్త స్వార్థపరురాలిగా చూపించండి, పాఠకుడికి పట్టు దొరుకుతుంది" అన్నారు. ఒప్పుకోలేదు నేను. ఆ గుడ్డ తియ్యకపోతే 22 లక్షలు రావు. పౌడరు రాసుకుంటే కూడా రావు. ఆమెకది తెలుసు, కొడుక్కి తెలుసు, తల్లికీ తెలుసు. ముగ్గురూ తెలిసే చేశారు. డబ్బు పదకొండు రోజుల్లో వచ్చింది. ఆ పౌడరు డబ్బా మాత్రం నవల చివరి దాకా వాళ్ల మధ్య నుంచి పోలేదు.

ఇక్కడ ఒక పక్కదారి పడతాను. 2014లో ఐస్ బకెట్ ఛాలెంజ్ గుర్తుందా? నెత్తిన చన్నీళ్లు గుమ్మరించుకుని వీడియో పెట్టడం. సరదాకి కాదు, ఏఎల్ఎస్ అనే నరాల జబ్బు కోసం. 1 కోటీ 70 లక్షలకి పైగా మనుషులు వీడియోలు పెట్టారు. అమెరికాలో ఆ జబ్బు మీద పనిచేసే సంస్థకి 11.5 కోట్ల డాలర్లు వచ్చాయి. ఆ డబ్బు సాయపడ్డ పరిశోధనల్లో ఆ జబ్బుతో సంబంధమున్న ఒక కొత్త జన్యువు కూడా బయటపడింది, 2016లో. అదే 2014 ఆగస్టులో మన హైదరాబాద్‌లో మంజులత కళానిధి అనే పాత్రికేయురాలు రైస్ బకెట్ ఛాలెంజ్ మొదలుపెట్టారు. నీళ్లు పారబోసే బదులు ఒక బకెట్టు బియ్యం అవసరమున్నవాళ్లకి ఇచ్చి ఫోటో పెట్టండన్నారు. మంచి ఆలోచన, మన ఊరి ఆలోచన, దేశాలు దాటి వెళ్లింది.

రాస్తున్నప్పుడు ఈ రెంటి ఫోటోలూ పక్కపక్కన పెట్టుకుని చూశాను. ఐసు ఫోటోలో తడిసి, వణికి, అల్లరిపాలయ్యేది ఇచ్చేవాడు. రోగి ఎక్కడా కనపడడు. బియ్యం ఫోటోలో ఇచ్చేవాడు నవ్వుతూ కెమెరా వైపు చూస్తాడు. పుచ్చుకునే ఆయన బకెట్టు వైపు చూస్తాడు. మొదలుపెట్టినావిడ తప్పేం లేదు ఇందులో. బియ్యం ఇవ్వాలంటే ఎదురుగా మనిషి ఉండాలి కదా. కానీ లాక్‌డౌన్ రోజుల్లో ఒక్క అరటిపండుకి పది చేతులు పట్టిన ఫోటోలు మీ ఫోన్లకీ వచ్చే ఉంటాయి. ఆ పండు పుచ్చుకున్నాయన ఎటు చూస్తున్నాడో ఎప్పుడైనా గమనించారా?

సరే, మళ్లీ కథలోకి. డబ్బొచ్చింది, మార్పిడి జరిగింది, తల్లి కోలుకుంటోంది. ఇప్పుడు చూసేవాళ్లకి ఏం కావాలి? తర్వాతి ఎపిసోడు కావాలి. "అక్కా, అన్నయ్యతో నీకు భలే కుదురుద్ది" అని కామెంట్లు. "పెళ్లెప్పుడు?" అని కామెంట్లు. ఇద్దరూ ఒకరికొకరు ఇంకా ఏమీ చెప్పుకోలేదు, ఊరికి మాత్రం తెలిసిపోయింది. మొదట్లో అమ్మాయికి నవ్వొస్తుంది. అతనికి భయం. అతనికేమనిపిస్తుందంటే, నేను కాదంటే చందాలిచ్చిన వాళ్లందర్నీ మోసం చేసినట్టు.

చందాల లెక్కలో ఒక తమాషా ఉంది. యూపీఐ వచ్చాక, అంటే 2016 తర్వాత, రూపాయి కూడా పంపొచ్చు. జనం ఎంత పంపుతారు? 51, 101, 116. రోగానికీ, పెళ్లికీ అవే అంకెలు! కొందరు 1,116 పంపుతారు. మనకి డబ్బివ్వడం అంటే చదివింపులే. కానీ పెళ్లిలో చదివింపులు రాయడానికి గుమ్మం దగ్గర ఒకాయన పుస్తకం పట్టుకుని కూర్చుంటాడు. ఫలానా వారు, ఫలానా ఊరు, నూటపదహార్లు. ఆ పుస్తకం బీరువాలో దాస్తారు. వాళ్లింట్లో పెళ్లైతే తీసి చూసి, అంతకి పది కలిపి పట్టుకెళతారు. అలా చేతులు పైకీ కిందికీ అవుతూ ఒక ఎత్తుకొస్తాయి. మా అమ్మ దగ్గర 1968 నాటి పుస్తకం ఉండేది, బైండు ఊడిపోయి. మరి ఫోన్లో వచ్చిన చందాకి? సగంమంది పేరే పెట్టరు. తిరిగివ్వడానికి దారి లేదు. అతను జన్మంతా కిందిచేత్తోనే ఉండాలి.

ఇంకో పాత్ర ఉంది, 51 రూపాయలు పంపి 80జి రసీదు, అదే పన్ను రాయితీకి చూపించే రసీదు, అడుగుతుంటాడు. ఒక మనిషి వైద్యానికి నేరుగా ఇచ్చినదానికి ఆ పన్ను రాయితీ రాదు. అయినా రోజూ అడుగుతాడు. నాకు భలే ఇష్టం వాడంటే.

డాలస్ సంగతి కూడా చెప్పేస్తాను. హీరో చిన్ననాటి స్నేహితుడు అక్కడుంటాడు. తొమ్మిదో అధ్యాయంలో అర్ధరాత్రి 5,000 డాలర్లు పంపిస్తాడు, కళ్లనీళ్లతో. మా చార్టర్డ్ అకౌంటెంట్ స్నేహితురాలు చదివి "వీడి పౌరసత్వం ఏది?" అంది. ప్రేమ నవల్లో పౌరసత్వం ఏమిటే అన్నాను. విదేశీ విరాళాల చట్టం ఉంది, 2010ది. ఇండియన్ పాస్‌పోర్టున్న ఎన్నారై తన సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు. అదే మనిషి అమెరికా పౌరసత్వం పుచ్చుకున్నాక పంపితే విదేశీయుడి కింద లెక్క. మనిషి అదే, జేబు అదే, తెనాలి మీద బెంగ అదే. నా అధ్యాయం మొత్తం చట్టానికి అడ్డం పడింది. చివరికేం చేశానంటే అతన్ని గ్రీన్‌కార్డు దగ్గరే ఆపేశాను. పాపం, నా వల్ల అతనికి పౌరసత్వం రాలేదు. (నవ్వులు)

ఇప్పుడు బిర్యానీ. ఒక ఆదివారం ఇద్దరూ బిర్యానీ తింటుంటే పక్క టేబులు నుంచి ఎవరో ఫోటో తీస్తారు. రాత్రికల్లా కామెంటు: "మా డబ్బులతో బిర్యానీలా?"

ఆ కామెంటు రాసినవాణ్ణి కూడా నేను తిట్టలేను. అనుమానానికి ఆధారాలున్నాయి మరి. 2017లో అమెరికాలో ఒక జంట, ప్రేమికులే, ఒక కథ చెప్పారు. అమ్మాయి కారులో రాత్రిపూట పెట్రోలు అయిపోయింది, ఫిలడెల్ఫియా రోడ్డు పక్కనుండే ఒక ఇల్లులేని మాజీ సైనికుడు తన ఆఖరి 20 డాలర్లు పెట్టి పెట్రోలు తెచ్చిచ్చాడు, అతనికి సాయం చేద్దాం రండి అన్నారు. 14,000 మంది 4 లక్షల డాలర్ల పైచిలుకు ఇచ్చారు. మరుసటి ఏడాది ఆ సైనికుడు నా డబ్బు నాకివ్వట్లేదని కోర్టుకెక్కాడు. కూపీ లాగితే పెట్రోలు కథే కల్పితం అని తేలింది, ముగ్గురూ కలిసి అల్లినది. డబ్బు కారుకీ, షికార్లకీ, జూదానికీ పోయింది. చందాలు పోగుచేసిన వెబ్‌సైటు వాళ్లు దాతలందరికీ తిరిగిచ్చారు, వీళ్లకి శిక్షలు పడ్డాయి. కథకురాలిగా నాకు అందులో కంటగింపు వేరే ఉంది. ఎంత చక్కగా అల్లారండీ! 20 డాలర్లు అన్నారు చూడండి, 200 అనలేదు. ఆఖరి 20. నేను రాసినా అంతే పెట్టేదాన్ని.

అందుకని, జనం అడుగుతారు. అడగాలి కూడా. మన హీరో ఏం చేస్తాడంటే బిర్యానీ బిల్లు ఫోటో తీసి పెడతాడు. 640 రూపాయలు, నా షాపు డబ్బు అని రాసి. అమ్మాయికి తిక్కరేగుతుంది. ఎవడో అడిగితే నువ్వెందుకు లెక్క చెప్పావు అంటుంది. అప్పుడండీ, పద్నాలుగో అధ్యాయంలో, నా హీరో మొట్టమొదటిసారి నోరు విప్పాడు. "నా తిండికి నేను లెక్క చెప్పాల్సిన గతి ఎవరివల్ల పట్టింది?" అన్నాడు. ఆమె ఊరుకుంటే సరిపోయేది. "మీ అమ్మ ఎవరివల్ల బతికింది?" అంది.

అయిపోయింది. అనేసింది. ఆ వాక్యం రాశాక నాకు ఎంత హాయిగా ఉందో చెప్పలేను. నాలుగు నెలలుగా ఆ వాక్యం కోసమే బండి ఆగింది. ఇక్కణ్ణించి ప్రేమకథ మొదలవుతుంది. మొదటి పదమూడు అధ్యాయాల్లో ఉన్నది చందా కథ.

ముగింపు మూడుసార్లు రాశాను. మొదటిసారి అతను 22 లక్షలూ సంపాదించి తిరిగిచ్చేస్తాడు. సినిమాలా ఉంది. పైగా ఎవరికిస్తాడు, పేరు లేని దాతకి? రెండోసారి ఆమెకి యాక్సిడెంటు చేయించి అతనితో సేవలు చేయించాను. చదివి నాకే సిగ్గేసింది. లెక్క సరిచెయ్యడానికి ఆడపిల్ల కాలు విరగ్గొట్టడమేమిటి?

మూడోది ఉంచాను. ఆమె ఫోను నీళ్లలో పడుతుంది. ప్రకాశం బ్యారేజీ మీద వీడియో తీస్తూ కాదు లెండి, ఇంట్లో బిందెలో. వేరే షాపులో బాగుచెయ్యలేమంటారు. తెనాలి తీసుకెళుతుంది. నలభై రోజులుగా ఇద్దరికీ మాటల్లేవు. అతను ఫోను విప్పుతాడు. ఫోను రిపేరు చేసేవాడి చేతిలోకి మన బతుకంతా వస్తుందండీ. ఫోటోలు, మెసేజీలు, అన్నీ. చూడకుండా ఉండటం ఆ వృత్తి మర్యాద. ఆమె ఫోన్లో పౌడరు అడిగిన క్లిప్పు ఉంది. ఆమె దాన్ని ఎక్కడా పెట్టలేదు, చెరపనూ లేదు. అది ఉందని అతనికి తెలుసు. తెరవడు. స్క్రీను తుడిచి, ఆన్ చేసి, ఆమెకిస్తాడు. "ఎంత?" అంటుంది. "1,850" అంటాడు. ఆమె రెండు వేలిస్తుంది. అతను సొరుగు లాగి నూటయాభై చిల్లర లెక్కపెట్టి ఆమె చేతిలో పెడతాడు. నవల అక్కడితో ఆపాను. పెళ్లి చెయ్యలేదు. కావాలంటే మీరు చేసుకోండి.

అయ్యో, ముగింపు చెప్పేశాను. ఇక ఎవరు కొంటారు?

ప్రశ్నలుంటే అడగండి. ఆ, బాబూ, నీలం చొక్కా.

"మేడమ్, అంటే మీరు సోషల్ మీడియాలో చందాలు అడగటం తప్పంటున్నారా?"

లేదు నాన్నా. 2021లో మన హైదరాబాద్‌లోనే కండరాలు చచ్చుబడే జన్యు జబ్బున్న ఒక పసివాడికి 16 కోట్ల రూపాయల ఇంజెక్షను జనం చందాలతో వచ్చింది. ప్రభుత్వం దిగుమతి సుంకం తీసేసింది. ఆ తల్లిదండ్రులు వీడియో పెట్టక ఇంకేం చేస్తారు? బిడ్డ ఊపిరి ముందు గుడ్డ తియ్యాలా వద్దా అని నేను చర్చ పెడితే నన్ను తన్నాలి. చందా ఇవ్వండి, నేనూ ఇస్తాను. నేను రాసింది డబ్బొచ్చాక రోజుల గురించి. చూసేవాళ్లు వెళ్లిపోరు కదా, ఆ రోజుల గురించి.

చెప్పండమ్మా.

"ఈ కథ మీకెలా తట్టింది? నిజంగా జరిగిందా?"

ఇది అడక్కుండా ఉంటే బాగుండునని ఇందాకటి నుంచీ అనుకుంటున్నాను. చెబుతాను. మా అపార్ట్‌మెంటు వాచ్‌మన్ కొడుకుని నాలుగేళ్ల కిందట బైకు గుద్దింది. తలకి దెబ్బ. మా అపార్ట్‌మెంటు వాట్సాప్ గ్రూపులో మెసేజ్ రాసింది నేనే. రచయిత్రిని కదా, మీరైతే బాగా రాస్తారన్నారు. బాగానే రాశాను. కట్లతో ఉన్న పిల్లాడి ఫోటో పెట్టి, వాళ్లమ్మ ఫోన్‌పే నంబరిచ్చాను. మూడు రోజుల్లో 1 లక్షా 86 వేలు వచ్చాయి. పిల్లాడు బతికాడు. మరుసటి ఏడాది ఆమె చెల్లెలి కూతురి పెళ్లికి పట్టుచీర కట్టుకుని మెట్లు దిగుతుంటే, గ్రూపులో ఎవరో రాశారు, "మన డబ్బులు బాగానే మెరుస్తున్నాయి" అని. వాచ్‌మన్ కూడా ఆ గ్రూపులో ఉన్నాడు, నీళ్ల మోటరు సంగతులు చెప్పడానికి. నేను చూశాను. ఏదో ఒకటి రాయాలనుకున్నాను, ఫోను పక్కన పెట్టేశాను. ఆ తర్వాత ఆ చీర మళ్లీ కట్టలేదామె.

ఈ సంక్రాంతికి ఆమె మా ఇంటికొచ్చింది. "మేడమ్, ఇంకా వస్తున్నాయి" అంది. ఏమిటే అంటే ఫోను చూపించింది. కర్నూలు నుంచి ఎవరో 101 పంపారు. నా మెసేజ్ ఎక్కడెక్కడో తిరుగుతోంది, అదే ఫోటో, అదే నంబరు. "వాడు ఇంటర్ పరీక్షలకి చదువుతున్నాడు మేడమ్, వీళ్లకెలా చెప్పాలి?" అంది. ఆ మెసేజ్ ఎవరికీ పంపొద్దని గ్రూపులో రాశాను. మూడు బొటనవేళ్లు వచ్చాయి. నంబరు మార్చుకోమన్నాను. గ్యాసు, ఆధార్, బ్యాంకు, పిల్లాడి కాలేజీ, అన్నీ దానికే ఉన్నాయంది. వెళ్లబోతూ సంచిలోంచి ఒక నోటుబుక్కు తీసింది. పిల్లాడి పాత లెక్కల నోటుబుక్కు. వెనక పేజీల నుంచి రాసుకుంటూ వచ్చింది. ఫోన్లో కనపడ్డ పేరు, తారీఖు, ఎంత. నాలుగేళ్లవి. వరసగా, చదివింపుల పుస్తకంలా.

"ఇది మీ దగ్గరుంచండి మేడమ్, మీరే రాశారు కదా" అంది.

ఇప్పుడది మా ఫ్రిజ్ మీద ఉంది, నవల రాతప్రతి పక్కనే. మొన్న మంగళవారం మళ్లీ 51 వచ్చిందని కింద నుంచి కేకేసి చెప్పింది. రాశాను.